కొట్లాటకు కీర్తన

హాకీ తెలుసా అని అడిగితే తెలుసన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. మా మిషన్ స్కూల్లో ఆడపిల్లలకు హాకీ ఉండేది. తొమ్మిదో తరగతిలో నేను రైట్ వింగ్ ఆడాను. పైగా అది మా దేశం ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు తెచ్చుకున్న ఆట. "హాకీ అంటే మా ఇండియా ఆటే," అని కాస్త గర్వంగానే చెప్పాను. బల్ల అవతల కూర్చున్న మేనేజరు నా చీర వైపు, దాని మీద వేసుకున్న ఉన్ని కోటు వైపు ఒక్క క్షణం చూసి, "మీ దేశంలో ఐస్ ఉంటుందా?" అని అడిగాడు. సంబంధం లేని ప్రశ్న అనుకున్నాను. "హిమాలయాల్లో బోలెడంత," అన్నాను. అతను తృప్తిగా తల ఊపి, గురువారం సాయంత్రం ఆరున్నరకల్లా రమ్మన్నాడు. నా ఇంటర్వ్యూ అంతే.

ఎనభైలు మొదలైన రోజులవి. పెన్సిల్వేనియాలో కొండల మధ్య ఒక ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో ఉండేవాళ్ళం. మావారు ఆ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేసేవారు. ఊళ్ళో మేం తప్ప తెలుగువాళ్ళు లేరు. ఆదివారాలు పక్క వీధిలోని అమెరికన్ చర్చికి నడిచి వెళ్ళేవాళ్ళం. నెలలో చివరి శనివారం మాత్రం మూడు గంటలు డ్రైవ్ చేసుకుని న్యూజెర్సీ వెళ్ళి, ఎడిసన్‌లో ఒకరింటి బేస్‌మెంట్‌లో జరిగే తెలుగు ప్రార్థన కూడికలో కలిసేవాళ్ళం. అందరూ కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్ళే. ప్రార్థన అయ్యాక మాంసం కూర, పప్పుచారు, వీసాల గురించి చర్చ.

మా అమెరికన్ చర్చిలో ఆర్గన్ వాయించే ముసలావిడకు నేనంటే అభిమానం. ఆవిడ ఊరెళ్ళినప్పుడల్లా ఆవిడ బదులు నేను వాయించేదాన్ని. ఆ అక్టోబరులో ఆవిడ వంటింటి మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. చూడ్డానికి ఆస్పత్రికి వెళ్తే, మంచం మీద పడుకునే తన పనులు నాకు అప్పజెప్పింది. ఒకటి చర్చి అని తెలుసు. రెండోది ఉందని అప్పుడే తెలిసింది. ఊరి హాకీ జట్టుకు ఇరవై ఏళ్ళుగా ఆర్గన్ వాయిస్తున్నది కూడా ఆవిడేనట.

"నాకు ఆ పాటలేవీ రావు," అన్నాను.

"రెండు చోట్లా పని ఒకటే. జనం లేస్తారు, కూర్చుంటారు, మధ్యలో నువ్వు వాయిస్తావు. కాకపోతే అక్కడ వాళ్ళు మెలకువగా ఉంటారు," అంది ఆవిడ.

నేను ఆర్గన్ నేర్చుకున్నది గోదావరి జిల్లాలో మా ఊరి చర్చిలో. కాళ్ళతో తొక్కుతూ గాలి నింపుకుంటూ వాయించే పాత పెట్టె అది. ఒక మిషనరీ దొరసాని దేశం వదిలి వెళ్ళేముందు నాకు మొదటి పాఠాలు చెప్పింది. వానాకాలంలో మెట్లు ఉబ్బి, నొక్కితే దిగుతాయిగాని మళ్ళీ పైకి రావనీ, ఎలుకలు లోపలి తోలు కొరక్కుండా వేపాకు వెయ్యాలనీ తర్వాత నాకు నేనే తెలుసుకున్నాను. పద్నాలుగో ఏట నుంచి పెళ్ళయ్యేదాకా ప్రతి ఆదివారం వాయించాను. ఒక్కరు ఒక్కసారైనా చప్పట్లు కొట్టలేదు. చర్చిలో కొట్టరు కదా.

గురువారం వెళ్ళి తలుపు తోసేసరికి ఫ్రిజ్ తెరిచినట్టు చలి మొహాన కొట్టింది. లోపల గడ్డి లేదు, మట్టి లేదు. పెద్ద హాలు, చుట్టూ మెట్లు మెట్లుగా కుర్చీలు, నడుమ కోడిగుడ్డు ఆకారంలో తెల్లటి ఐస్. దాని మీద ఇద్దరు మనుషులు బూట్ల కింద కత్తులు కట్టుకుని వెనక్కి పరుగెత్తుతున్నారు. మేనేజరు ఎదురొచ్చాడు. "మా హాకీకి కాళ్ళ కింద నేల ఉంటుంది," అని చెప్పాను. అప్పటికి అతను నా పేరు టికెట్ గదిలో బోర్డు మీద రాసేశాడు. అది కూడా తప్పుగా రాశాడు.

ఆర్గన్ పైన, కప్పుకు దగ్గరగా ఒక చెక్క గూడులో ఉండేది. ఇనప నిచ్చెన ఎక్కి వెళ్ళాలి. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని ఎక్కాను. అక్కడ మైకు ముందు అనౌన్సర్ కూర్చుని ఉన్నాడు. పగలు అతను శవపేటికల వ్యాపారి. గొంతు గంభీరంగా ఉండేది.

"ఆట నడుస్తున్నంతసేపూ వేలు కదపకూడదు. ఈల వినపడగానే మొదలుపెట్టండి. రిఫరీని వెక్కిరించే పాటలు వద్దు. ఎవరైనా కొట్టుకుంటే మాత్రం ఆపకుండా వాయించండి, హుషారైనది ఏదైనా. జనం దృష్టి పాట మీదికి మళ్ళకపోతే వాళ్ళూ మొదలుపెడతారు," అన్నాడు.

"ఆటలో కొట్టుకుంటారా?"

"ఎప్పుడైనా ఒకసారి," అన్నాడు అతను.

ఆట మొదలైన నాలుగో నిమిషంలో మొదటి కొట్లాట జరిగింది.

ఆ కొట్లాటలు ఎలా ఉండేవో చెప్పాలి. ఇద్దరూ ముందు కర్రలు కింద పెట్టేస్తారు. తర్వాత గ్లవ్స్ వదిలేస్తారు. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ మొహం మీద గుద్దుకుంటారు. మిగతా ఆటగాళ్ళు మర్యాదగా దూరం జరుగుతారు. రిఫరీలు పక్కనే నిలబడి, ఒకడు కింద పడేదాకా ఓపిగ్గా చూసి, అప్పుడు విడదీస్తారు. ఆపైన ఇద్దరూ ఎవరి గాజు గదిలోకి వాళ్ళు వెళ్ళి అయిదు నిమిషాలు బుద్ధిగా కూర్చుంటారు. మా ఊరి సంఘం కమిటీ మీటింగుల్లో కూడా కొట్లాటలు చూశాను. ఇంత క్రమశిక్షణ నేనెక్కడా చూడలేదు.

నాకు మాత్రం హుషారైన పాట ఒక్కటీ గుర్తు రాలేదు. అనౌన్సర్ వాయించమని చెయ్యి ఊపుతున్నాడు. మెదడు పనిచెయ్యనప్పుడు వేళ్ళు వాటికి బాగా అలవాటైన దారినే పోతాయి. నా వేళ్ళు గుడ్ ఫ్రైడే కీర్తన అందుకున్నాయి. మా ఊళ్ళో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా జరిగే ఆరాధనలో, సిలువ మీది శ్రమలు తలుచుకుంటూ, ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ పాడే పాట. కంగారులో నా మోచెయ్యి ఆర్గన్ పక్కనున్న మీటల్లో ఒకదానికి తగిలింది. ఆ పెట్టెకు డ్రమ్ములు తనంతట తనే వాయించే యంత్రం ఉందని నాకెవరూ చెప్పలేదు. తగిలింది రుంబా అనే డాన్సు దరువు మీట.

ఒక్కసారిగా మూడు వేలమంది ఉక్కు కార్మికులు రుంబా దరువుకు చప్పట్లు మొదలుపెట్టారు. ఆపుదామంటే మీట ఏదో తెలియదు. దరువు వెంట నేనూ పరుగెత్తాను. కింద మన జట్టువాడు అవతలివాణ్ణి ఐస్ మీద పడుకోబెట్టాడు. జనం లేచి నిలబడి అరుస్తున్నారు. అనౌన్సర్ మైకు మీద చెయ్యి మూసి, "అద్భుతం! ఏమిటా పాట?" అన్నాడు.

"మా దేశపు పాట," అన్నాను. అదీ అబద్ధం కాదు.

నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం నాకు సిగ్గు వేసింది. కానీ ఆ చప్పట్లు చెవుల్లో మోగుతూనే ఉన్నాయి. శనివారం మ్యాచ్‌కు ఇంకో పాట సిద్ధం చేసుకున్నాను. మొదటి కొట్లాటకు అది వాయిస్తే జనం కాళ్ళు నేలకేసి కొట్టి, పాత పాటే కావాలని గోల చేశారు. మేనేజరు కింద నుంచి ఫోన్ చేసి, "ఇండియా పాట! ఇండియా పాట!" అన్నాడు. ఇక ఆ సీజనంతా కొట్లాటకు అదే పాటయింది.

మావారికి మొదట్లో ఇది బొత్తిగా నచ్చలేదు. "దేవుడి పాటలు వాయించే చేతులతో ఆ రౌడీలకు వాయించడమేంటి?" అన్నారు. నవంబరులో ఒకరోజు నేను క్షేమంగా ఉంటున్నానో లేదో చూడ్డానికని వచ్చి చివరి వరసలో కూర్చున్నారు. మర్నాటి మ్యాచ్‌కు మధ్య వరసలోకి వచ్చారు. డిసెంబరుకల్లా గాజుగోడకు ముక్కు ఆనించి మొదటి వరసలో ఉన్నారు. ఇంట్లో పాలవాడి మీద కూడా గొంతెత్తని మనిషి. రిఫరీ తప్పుగా ఈల వేశాడని తోస్తే చాలు, లేచి నిలబడి, తనకు తెలిసిన తిట్లన్నిటిలోకీ పెద్దదాన్ని ప్రయోగించేవారు: "గాడిదా!" చుట్టుపక్కల కూర్చునే కార్మికులు అది హాకీ పుట్టిన దేశం నుంచి వచ్చిన సాంకేతిక పదమని నమ్మారు. క్రిస్మస్ నాటికి ఆ వరస వరసంతా ముక్తకంఠంతో "గాడిదా" అనేది. పైన గూట్లో కూర్చుని ఆ మాట వింటుంటే నాకు మా ఊరు గుర్తొచ్చేది.

ఇంటికొచ్చాక కూడా ఆయన ఊరుకునేవారు కాదు.

"నువ్వు ఈల వినగానే వాయించేస్తావ్. అది ఆఫ్‌సైడో కాదో చూడవు," అనేవారు.

"ఏవండీ, నేను వాయించేదాన్నే గాని రిఫరీని కాదు కదా."

"అదే నేను చెప్పేది. గేమ్ అర్థం చేసుకుని వాయిస్తే దాని పవర్ వేరు."

మా జట్టులో కొట్లాటల కోసమే పెట్టుకున్న ఆటగాడొకడు ఉండేవాడు. అతని వీపు మీద పదిహేడు అని ఉండేది. నా మట్టుకు అతను పదిహేడో నంబరే. కెనడాలో గోధుమ పొలాల మధ్య పెరిగినవాడు. ఇరవై ఆరేళ్ళుంటాయి. ముందు పళ్ళు నాలుగు లేవు. కట్టుడు పళ్ళు మ్యాచ్‌కు ముందు తీసి కాగితం కప్పులో పెట్టుకునేవాడు. డిసెంబరులో ఒక మధ్యాహ్నం నేను ప్రాక్టీస్ చేసుకుంటుంటే నిచ్చెనెక్కి వచ్చి, గూటి తలుపు దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు.

"మ్యామ్, మీకు అభ్యంతరం లేకపోతే ఒక చిన్న మాట."

"చెప్పు," అన్నాను.

"నేను గ్లవ్స్ వదిలాక మీ పాట మొదలయ్యేలోపు అర సెకను ఖాళీగా ఉంటోంది. ఆ అర సెకను నాకు చాలా భయమేస్తుంది. పాట వచ్చాక ఫర్వాలేదు."

"నువ్వు ఎప్పుడు కొట్లాడతావో నాకెలా తెలుస్తుంది?"

"కుడిచేతి గ్లవ్ ముందు వదులుతాను. ఎడమది కింద పడేలోపు మొదలుపెడితే చాలు." వెళ్ళబోతూ ఆగాడు. "ఆ పాట దేని గురించి, మ్యామ్?"

"ధైర్యం గురించి," అన్నాను. ఆ శీతాకాలంలో నేను చెప్పిన మొదటి అసలైన అబద్ధం అదే.

తర్వాతి ఆదివారం మావారు అతన్ని భోజనానికి పిలిచారు. చేపల పులుసు చేశాను. అతను కట్టుడు పళ్ళు జేబులో పెట్టుకుని, ముళ్ళు ఒక్కొక్కటే తీసి పళ్ళెం అంచున వరసగా పేర్చి, మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. మావారు అడిగిన ప్రశ్నలకు అంతు లేదు. అతను ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పాడు. చిన్నప్పుడు గడ్డకట్టిన చెరువు మీద ఆడేవాడట. ఊళ్ళో అందరికన్నా ఎక్కువ గోల్స్ తనవేనట. పందొమ్మిదో ఏట ఒక కోచ్ చూడ్డానికి వచ్చాడు. "ఆయన నా చేతుల సైజు చూశాడు. ఆట చూడలేదు," అన్నాడు. అప్పటి నుంచి ఏడేళ్ళుగా ఇదే పని. పెద్ద లీగ్ నుంచి ఎప్పటికైనా పిలుపు వస్తుందని ఈ చిన్న లీగ్‌లో ప్రతివాడూ ఎదురుచూసేవాడు. అతను మాత్రం దాని గురించి మాట్లాడలేదు. ఆ సీజన్లో అతని పేరు మీద ఒకే ఒక్క గోల్ ఉంది, అదీ ఎవరో కొట్టింది అతని వీపుకు తగిలి లోపలికి పోయింది.

ఇదంతా ఎడిసన్ కూడికలో ఎవరికీ తెలియదు. తెలియకూడదని నా ప్రార్థన. ఎందుకంటే ఆ కూడికను నడిపే పెద్దాయన సంగతి మాకు బాగా తెలుసు. ఎడిసన్ పక్కనే పిస్కాటవేలో మందుల కంపెనీలో పని చేసేవారు. పిల్లల క్రిస్మస్ నాటికలో సినిమా పాట బాణీ వినిపించిందని నాటిక మధ్యలో లేచి లైట్లు వేసిన మనిషి. ప్రార్థనలో గిటార్ ఉండకూడదని ఆయన చేసిన ప్రసంగం రెండు నెలలు నడిచింది. అలాంటి మనిషి దగ్గర, క్రిస్మస్ కూడిక భోజనాల్లో మావారు చెంచాలను ఆటగాళ్ళుగా, నిమ్మకాయ ఊరగాయ ముక్కను పక్ అనే రబ్బరు బిళ్ళగా పెట్టి, అవతల ఒక ఆటగాడు తక్కువైనప్పుడు ఆడే పవర్ ప్లే వివరించడం మొదలుపెట్టారు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి అంతా అయిపోయింది.

"మా ఆవిడే కదండీ ఆర్గన్ వాయించేది! మూడు వేలమంది చప్పట్లు కొడతారు," అంటున్నారు మావారు.

పెద్దాయన నా వైపు తిరిగారు. "ఏం వాయిస్తారు సిస్టరమ్మా అక్కడ?"

"ఏవో... మ్యూజిక్ అండీ," అన్నాను.

"మంచిది. ఒకసారి మేమూ వచ్చి చూస్తాం బ్రదర్," అన్నారాయన మావారితో, డాక్టరు ఎక్స్‌రే తీద్దాం అన్నంత మెత్తగా.

అన్నట్టే జనవరిలో ఒక శనివారం భార్యాభర్తలిద్దరూ కారు వేసుకుని వచ్చారు. మావారు వాళ్ళను సగర్వంగా మొదటి వరసలో కూర్చోబెట్టారు. పైనుంచి చూస్తే ఆయన సూటు, ఆవిడ పట్టుచీర, చుట్టూ బీరు కప్పులు. ఒకే ప్రార్థన చేసుకున్నాను: ఈ ఒక్కరోజు ఎవరూ కొట్టుకోకూడదు ప్రభువా.

ఆ రోజు అవతల జట్టులో కొట్లాటల మనిషి పదిహేడో నంబరుకన్నా ఒక అడుగు పొడుగున్నాడు. రెండో భాగం సగంలో ఇద్దరూ ఎదురుపడ్డారు. కుడిచేతి గ్లవ్ కింద పడింది. నా వేళ్ళు కీర్తన మొదటి స్వరం మీద ఉన్నాయి. కింద పెద్దాయన తల ఎత్తి సరిగ్గా నా గూటి వైపే చూస్తున్నట్టు అనిపించింది. కిందటి గుడ్ ఫ్రైడేకు ఎడిసన్ వెళ్ళినప్పుడు ఆ పాట పాడుతూ ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. నా వేళ్ళు పక్కకు జరిగాయి. తెలిసిన ఇంకో బాణీ ఏదొస్తే అది అందుకున్నాను. అది జోలపాట.

జనం ఒక్క క్షణం తెల్లబోయారు. పదిహేడో నంబరు కూడా. అవతలివాడి చొక్కా పట్టుకుని ఉన్నవాడే, తల ఎత్తి పైకి, నా వైపు చూశాడు. పిలిస్తే పలకని మనిషి వైపు చూసినట్టు చూశాడు. ఆ దెబ్బ చప్పుడు కప్పు దాకా వినిపించింది. అతను పడిపోయాడు. నేను జోలపాట ఆపలేకపోయాను. స్ట్రెచర్ వచ్చేదాకా అదే వాయిస్తూ కూర్చున్నాను. హుషారైన పాటకు మారే ధైర్యం కూడా లేదు.

మ్యాచ్ అయ్యాక నిచ్చెన దిగాను. ఏ ప్రసంగం వినాల్సొస్తుందో అనుకుంటూ వెళ్ళాను. పెద్దాయన గొంతు బొంగురుపోయి ఉంది. టై వదులైంది.

"ఆ రిఫరీకి కళ్ళు కనపడవా బ్రదర్? క్లియర్‌గా ట్రిప్ చేశాడు. నేను చూశాను. గాడిద!" అంటున్నారు మావారితో.

"అంకుల్, మ్యూజిక్..." అని నసిగాను.

"మ్యూజిక్కా? ఉందా? ఆ గోలలో నాకేం వినపడలేదు సిస్టరమ్మా. అవునూ, మన పదిహేడోవాడు పైకెందుకు చూశాడు? అలా చూడొచ్చా?"

ఆయన భార్య మాత్రం నా చెయ్యి పట్టుకుని, "జోలపాట వాయించావు కదూ? మా అమ్మ పాడేది. నాకు నిద్రొచ్చేసింది," అంది ప్రేమగా.

పెద్దాయన కోసం నేను ఒక మనిషి దవడ విరగ్గొట్టాను. ఆ పెద్దాయన విననే లేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన మళ్ళీ ఎప్పుడు మ్యాచ్ ఉందని అడుగుతుంటే, అన్నం కలుపుతూ తల ఎత్తలేకపోయాను. నా పిరికితనానికి కనీసం ఒక ప్రయోజనమైనా ఉండి ఉంటే బాగుండేది.

మంగళవారం ఫ్లాస్కులో చారు పోసుకుని ఆస్పత్రికి వెళ్ళాను. అతని పైదవడ, కిందదవడ కలిపి తీగలతో కట్టేశారు. గొట్టం వేసుకుని చారు పీల్చాడు. మిరియాల ఘాటుకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. పళ్ళ మధ్యనుంచే మాట్లాడాడు.

"సారీ, మ్యామ్. పైకి చూడకుండా ఉండాల్సింది. ఎప్పుడూ పైకి చూడొద్దంటాడు కోచ్."

అతను నాకు క్షమాపణ చెబుతున్నాడు! అక్కడే నా గుండె కరిగిపోయింది. అన్నీ చెప్పేశాను. ఎడిసన్ గురించి, పెద్దాయన గురించి, సూటు గురించి. చివరికి పాట గురించి కూడా.

"అది ధైర్యం పాట కాదు. యేసుప్రభువును సిలువ వేసినప్పటి పాట. మా ఊళ్ళో చాలా నెమ్మదిగా పాడతారు. ఏడుస్తూ పాడతారు."

అతను గొట్టం నోట్లోంచి తీశాడు. "ఆ పాటలో ఆయన్ని కొడతారా?"

"కొడతారు."

"ఆయన తిరిగి కొట్టడా?"

"కొట్టడు."

మరికాస్త చారు పీల్చాడు. "జట్టులో వాళ్ళకు చెప్పకండి, మ్యామ్," అన్నాడు. తర్వాత, "చివర్లో కాస్త స్పీడు పెంచుతారే, ఆ ముక్క నాకు ఇష్టం," అన్నాడు.

ఫిబ్రవరిలో, తీగలు విప్పిన వారానికే, అతన్ని ఇంకో జట్టుకు ఇచ్చేశారు. బదులుగా ఒక గోలీని, అంటే గోల్ కాసేవాణ్ణి, తెచ్చుకున్నారు. వెళ్ళేముందు అతను మా ఇంటికి రాలేదు. ఆటగాళ్ళకు అంత వ్యవధి ఇవ్వరట. మధ్యాహ్నం చెబితే సాయంత్రం బస్సు. మావారు ఆ గోలీని సీజన్ చివరిదాకా క్షమించలేదు. పాపం అతను బాగానే ఆడేవాడు.

మార్చి మొదట్లో ఆ జట్టు మా ఊరు వచ్చింది. వేరే రంగు చొక్కాలో, వేరే నంబరుతో అతను ఐస్ మీదికి రావడం చూశాను. పైకి చూడలేదు. మన జట్టులో అతని స్థానంలో వచ్చిన కుర్రాడు బలంగా, కోపంగా ఉండేవాడు. మూడో భాగంలో ఇద్దరూ ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. ముందు నేలపడిన గ్లవ్ ఎవరిదో నేను చూశాను. కుడిచేతిది. ఎడమది పడేలోపు కీర్తన అందుకున్నాను, రుంబాతో సహా.

జనం ఎప్పటిలాగే చప్పట్లు కొట్టారు. వాళ్ళకు అది మన పాటే కదా. మన కుర్రాడు కూడా తన కోసమే అనుకుని ఉంటాడు. ఓడిపోయాడు. గూట్లో ఫోన్ మోగింది.

"ఎవరి కోసం వాయించావు ఆ పాట?" అన్నాడు మేనేజరు. ఆ ఊళ్ళో ఒక్కడికైనా అనుమానం వచ్చింది.

"కొట్లాటకు వాయించాను. మీరు చెప్పిందే కదా," అన్నాను. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

మ్యాచ్ తర్వాత బస్సు దగ్గరికి వెళ్ళే దారిలో నిలబడ్డాను. అతను సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. దవడ ఒక పక్క కాస్త వంకరగా అతుక్కుంది.

"పాట లేటయింది, మ్యామ్," అన్నాడు.

"లేదు! ఎడమది పడకముందే మొదలుపెట్టాను."

అతను నవ్వాడు. పళ్ళు కప్పులోనే ఉన్నాయి కాబోలు. మావారు ఎక్కణ్ణుంచో పరుగెత్తుకొచ్చి అతని చెయ్యి పట్టుకుని ఊపుతూ, ఆ రోజు రిఫరీ చేసిన మూడు తప్పులు చెప్పసాగారు. బస్సు డ్రైవరు హారన్ కొట్టేదాకా వదల్లేదు.

మా జట్టు ఆ సీజన్లో చివరి నుంచి రెండో స్థానంలో నిలిచింది. చివరి మ్యాచ్‌కు ముసలావిడ చేతికర్ర సాయంతో వచ్చి, కింద కూర్చుని విని, "పెడల్ ఎక్కువ తొక్కుతున్నావు," అంది. ఈస్టర్ తర్వాత ఆదివారం చర్చి ఆర్గన్ బల్ల మీద మళ్ళీ ఆవిడే కూర్చుంది. హాకీ బల్ల కోసం మాత్రం ఆవిడకు శ్రమ లేకపోయింది. ఏప్రిల్లో యజమాని జట్టును దక్షిణాన ఎక్కడో కొత్త హాలు కట్టిన ఊరికి తరలించేశాడని పేపర్లో వచ్చింది. అక్కడ మంచు పడదట.

అదే వసంతంలో ఫ్యాక్టరీలో లేఆఫ్‌లు మొదలయ్యాయి. ల్యాబ్ సగం ఖాళీ అయింది, మావారి ఉద్యోగం ఎన్నాళ్ళో తెలియదు. వాటిని మావారు నిబ్బరంగా తీసుకున్నారు. "ఫ్యాక్టరీ అన్నాక మూసేస్తారు. టీమ్‌ని ఎలా తీసుకుపోతాడు వాడు?" అని మాత్రం వంటింట్లో నిలబడి చాలాసార్లు అన్నారు. జవాబు నా దగ్గర ఉన్నట్టు చూసేవారు. ఎడిసన్ పెద్దాయన ఫోన్ చేసి ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. అది ఉద్యోగం గురించో జట్టు గురించో స్పష్టంగా తెలియలేదు.

పదిహేడో నంబరు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఆట మానేసి తండ్రి పొలానికి వెళ్ళిపోయాడట. అక్కడి కుర్రాళ్ళకు చెరువు మీద నేర్పుతున్నాడట. గోల్ కొట్టడం మాత్రమే నేర్పుతాను అని రాసి, ఆ 'మాత్రమే' కింద గీత గీశాడు.

అక్టోబరు వచ్చింది. సీజన్ మొదలు కావాల్సిన మొదటి శనివారం సాయంత్రం మావారు కోటు వేసుకుని హాల్లో కూర్చున్నారు. ఎక్కడికని నేనడగలేదు. నేనూ వేసుకున్నాను. వెళ్ళేసరికి హాకీ హాలు బయట కార్లు బాగానే ఉన్నాయి. లోపల ఐస్ లేదు. కింద బూడిదరంగు సిమెంటు నేల. దాని మీద వరసలుగా పడవలు. పడవల ఎగ్జిబిషన్ అట.

ఏం చెయ్యాలో తెలియక పడవల మధ్య తిరిగాం. రెండు మోటార్ల తెల్ల పడవ దగ్గర మావారు ఆగి, సేల్స్‌మన్‌ను ప్రశ్నలడగడం మొదలుపెట్టారు. ఎంత వేగం పోతుంది, ఎంతమంది కూర్చోవచ్చు, శీతాకాలంలో ఎక్కడ పెట్టుకోవాలి. అతను నిజంగా కొంటారనుకుని మమ్మల్ని లోపలికెక్కించి కూర్చోబెట్టాడు. మెత్తటి సీట్లు. స్టీరింగ్ మావారి చేతికిచ్చాడు. ఆయన దాన్ని కాస్త ఇటూ అటూ తిప్పారు.

"ఈ దగ్గర్లో సరస్సు ఎక్కడుందండీ?" అని సేల్స్‌మన్‌ను అడిగాను.

"నలభై మైళ్ళు, మ్యామ్," అన్నాడతను.

మావారు తల ఊపి, అతనిచ్చిన ధరల కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంకో పావుగంట ఆ పడవలోనే కూర్చున్నాం. మమ్మల్ని దిగమని ఎవరూ అనలేదు.